చేతిలో ఇరవై వేలు ఉన్నయి: పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివిన. మిర్యాలగూడలో చర్చి టీమ్‌లో వాయిస్తున్నవు, సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాలకు కూడా పోతున్నవు. నాలుగేళ్ల కింద పదకొండు వేలకు కొన్న స్ట్రాట్ మోడల్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన) గిటార్. కంప్లైంట్లు మూడు చెప్పినవు: ట్యూన్ నిలుస్తలేదు, హమ్ (గుర్రుమనే మోత) వస్తున్నది, పెద్ద స్పీకర్లలో సౌండ్ పల్చగా వస్తున్నది. కూడబెట్టిన ఇరవై వేలతో పికప్‌లు (తీగల కదలికను పట్టుకునే అయస్కాంతపు ముక్కలు), ట్యూనర్లు (హెడ్ మీద తీగలు బిగించే కీలు) మార్చాలా, దీన్ని అమ్మేసి కొత్తది తీసుకోవాలా అని అడిగినవు.

ఈ నెల పికప్‌లూ కొనకు, గిటారూ కొనకు. ముందు నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడుగు భాగం) చూడు. నెక్ మంచిగా ఉంటే ఆ గిటార్ ఉంచుకోదగ్గదే. లేకపోతే దాని మీద ఇంకొక్క రూపాయి పెట్టకు. పికప్‌లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి), ట్యూనర్లు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) అన్నీ విడిగా దొరుకుతయి, స్క్రూడ్రైవర్, సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చిన ఎవరైనా మార్చగలరు. నెక్ అట్లా కాదు. సరిపోయే మంచి నెక్ తెప్పించి, ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) సాపు చేయించి బిగించేసరికి నీ గిటార్ ధర దాటిపోతది. ఛాసిస్ వంగిన బండికి కొత్త టైర్లు వేసి ఏం లాభం?

నెక్ చూసుడు కష్టమేం కాదు. తీగలన్నీ ట్యూన్ చేసి, బాడీ దిక్కు నుంచి ఒక కన్ను మూసి ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన ముందరి చెక్క) అంచుల వెంబడి హెడ్ దాకా చూడు. రెండు అంచులూ ఒకే తీరుగా పోవాలె. ఒక అంచు తిన్నగా పోయి రెండోది పైకి లేచినట్టు కనపడితే నెక్ మెలి తిరిగినట్టు. దాన్ని ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు దిద్దే లోహపు కడ్డీ) సరిచేయలేదు. ఇగ అక్కడితో లెక్క అయిపోయింది, కొత్తదానికి పో.

మెలి లేకపోతే రెండో పరీక్ష. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టు. నెక్ బాడీని కలిసే చోట ఉన్న ఫ్రెట్ మీద అన్నిటికన్నా లావు తీగను నొక్కిపట్టు. ఇప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల కాడ తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడు. పావు మిల్లీమీటర్ అటూ ఇటూ ఉండాలె, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేటంత. అంతకన్నా బాగా ఎక్కువుంటే నెక్ ముందుకు వంగింది. అసలు సందే లేకపోతే వెనక్కి వంగింది. రెండింటికీ మందు ట్రస్ రాడే. సరిగ్గా పట్టే ఆలెన్ కీ తీసుకో, వదులుగా పట్టే కీ పెడితే లోపలి మూల అరిగి రాడ్ పనికిరాకుండా పోతది. గడియారం తిరిగే దిక్కు బిగిస్తే ముందు వంపు తగ్గుతది. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకు. మళ్లీ ట్యూన్ చెయ్యి, మళ్లీ చూడు. రాడ్ ఇప్పటికే చివరిదాకా బిగిసి ఉండి, వంపు ఇంకా అట్లనే ఉన్నా, ఎంత తిప్పినా నెక్ కదలకపోయినా ఆ నెక్ పని అయిపోయినట్టే. బలవంతం మాత్రం చేయకు, లోపల రాడ్ తెగితే మనం చేసేదేం లేదు.

ఈ పరీక్ష ఎప్పుడు చేస్తున్నవు అన్నది కూడా లెక్కే. నల్లగొండ ఎండ నీకు నేను చెప్పేదేంది, మే నెలలో 43, 44 దాకా పోతది, గాలి పొడి పొడిగా ఉంటది. వానలు మొదలైతే అదే చెక్క తేమ పీల్చుకుంటది. చెక్క అడ్డంగా కుదించుకుపోతది, లోహపు ఫ్రెట్ కుదించుకోదు. అందుకే ఎండాకాలం నెక్ పక్క నుంచి చెయ్యి జరిపితే ఫ్రెట్ల చివర్లు గుచ్చుకుంటయి. చాలామంది పిల్లలు దాన్ని చూసి గిటార్ ఖరాబైందని అమ్ముకుంటరు. సన్నటి ఆకురాయితో చివర్లు రాపిస్తే అయిపోయే పని అది. మేలో వంగిన నెక్ పావు చుట్టుతో దారికి వచ్చి, ఆగస్టులో మళ్లీ కొద్దిగా దిద్దాల్సి వస్తే అది జబ్బు కాదు, మన వాతావరణంలో మామూలే. గిటార్‌ను కూలర్ గాలికి ఎదురుగా మాత్రం పెట్టకు. రాత్రంతా తడిగాలి, పగలంతా పొడిగాలి, ఇట్లా రోజూ జరిగితే ఏ నెక్ కూడా కుదురుగా ఉండదు.

ఇక ఫ్రెట్లు. మొదటి నాలుగైదు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద గుంటలు పడ్డయేమో చూడు, కార్డ్‌లు ఎక్కువ పట్టేవాళ్లకు అక్కడే పడతయి. తర్వాత ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కి మీటు. ఒకటి రెండు చోట్ల బజ్ వస్తే, గుంటలు పైపైన ఉంటే, ఫ్రెట్లు సాపు చేసి గుండ్రం చేసే పనితో సరిపోతది. గుంట గోటికి లోతుగా తగిలితే ఫ్రెట్లే మార్చాలె. పదకొండు వేల గిటార్‌కు మొత్తం ఫ్రెట్లు మార్పించుడు నేనైతే ఒప్పుకోను. ఆ పని గట్టిగా చేసేవాళ్లు తీసుకునే కూలి, ఆ గిటార్ ఇప్పుడు అమ్మితే వచ్చే పైసలకు దగ్గరగా పోతది.

షాపులో ఎవరో నీ ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్ కాదు లారెల్ అని తీసిపారేసిండని రాసినవు. దానికి పరేషాన్ కాకు. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నీ సైట్స్ (అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోకి వచ్చినయి. దేశం దాటించాలంటే కాగితాలు కావాల్సి వచ్చినయి. అందుకని చాలా కంపెనీలు చవక మోడళ్లకు లారెల్, పావ్ ఫెరో లాంటి చెక్కలకు మారినయి. తయారైన వాయిద్యాలకు 2019 నవంబర్‌లో మినహాయింపు ఇచ్చినా లారెల్ అట్లనే ఉండిపోయింది. ఈ ఇండియన్ లారెల్ మన నల్లమద్దే, అమ్రాబాద్ దిక్కు నల్లమలలో పెరిగే చెట్టే. గట్టి చెక్క. ఏడాదికి ఒకటి రెండుసార్లు తీగలు మార్చేటప్పుడు తుడిచి, ఫింగర్‌బోర్డ్ నూనె పలచగా రాస్తే చాలు.

నెక్ పాసైంది అనుకుందాం. ఇప్పుడు నీ మూడు కంప్లైంట్లకు వద్దాం. అందులో గిటార్ తప్పు ఎంతున్నదో చూడాలె.

సౌండ్ పల్చన సంగతి ముందు. దోస్తు ఇంట్లో చిన్న గిటార్ ఆంప్‌కు పెడితే మంచిగనే వినపడ్డది, చర్చిలో మాత్రం పల్చగా వస్తున్నది అని నువ్వే రాసినవు. చర్చిలో కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి పోతున్నదని కూడా రాసినవు. గుట్టు అక్కడే ఉన్నది. నీ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు. దానికి ఎదురుగా దాదాపు ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ ఉంటేనే అది ఉన్న సౌండ్ మొత్తం ఇస్తది. గిటార్ ఆంప్‌లు ఆ లెక్కకే చేస్తరు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పది ఇరవై కిలోఓమ్‌ల దగ్గర ఉంటది. అందులో పెట్టంగనే పికప్ మీద బరువు పడి, పైన ఉండే మెరుపు పోతది, వాల్యూమ్ కూడా పడిపోతది. ఇంకోటి, గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకర్ సుమారు ఐదు వేల హెర్ట్జ్ పైన దాదాపు ఏం పలకదు. మనకు అలవాటైన గిటార్ సౌండ్ అంటే ఆ స్పీకర్ వడపోసిన సౌండే. చర్చిలో పెట్టే పెద్ద స్పీకర్ (పీఏ) లోని హార్న్ అట్లా వడపోయదు. క్లీన్ అయితే ఎముకలు తేలినట్టు ఉంటది, డిస్టార్షన్ పెడితే చెవులు గీరుతది.

కాబట్టి ఇరవై వేలు పెట్టి ఎంత గొప్ప పికప్‌లు వేసినా, అదే మిక్సర్‌లో అట్లనే పెడితే అదే పల్చటి సౌండ్ వస్తది. నీకు కావాల్సింది మధ్యలో ఒక పెట్టె. క్లీన్ మాత్రమే వాయిస్తే యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్‌ను మిక్సర్‌కు సరిపడేటట్టు కలిపే చిన్న పెట్టె) చాలు. చర్చి పాటలకు డిలే, రివర్బ్ కావాలె, ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు డ్రైవ్ (డిస్టార్షన్) కావాలె కాబట్టి, నీకు ఆంప్, స్పీకర్ కేబినెట్ సిమ్యులేషన్ (ఆంప్, దాని స్పీకర్ సౌండ్‌ను నకలు చేసేది) ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్స్ మేలు. జూమ్ జీ1 ఫోర్, నక్స్ ఎంజీ300 లాంటివి ఆ తరహావే. పది వేల చుట్టుపక్కల ఈ తరగతివి దొరుకుతయి. మిక్సర్‌కు పోయేటప్పుడు కేబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో పెట్టు, గిటార్ ఆంప్‌కు పోయేటప్పుడు ఆఫ్ చెయ్యి. ఈ ఒక్క సంగతి తెల్వక పెట్టె కొన్నాక కూడా సౌండ్ బాగలేదని తిట్టుకునేవాళ్లను మహబూబ్‌నగర్‌లో, జడ్చర్లలో మస్తు మందిని చూసిన. గిటార్ నుంచి పెట్టె దాకా కేబుల్ ఐదారు మీటర్లు మించనీయకు. అక్కడి నుంచి మిక్సర్ దాకా కేబుల్ కొంచెం పొడుగైనా అంత ఫరక్ పడదు.

ఈ పెట్టె మీద పెట్టిన పైసలు ఎక్కడికీ పోవు. రేపు యాభై వేల గిటార్ కొన్నా అదే పెట్టెకు పెట్టుకుంటవు.

ఇప్పుడు హమ్. ఇందులో సగం గిటార్‌ది, సగం కరెంటుది. సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట ఉన్న) పికప్ చుట్టుపక్కల 50 హెర్ట్జ్ కరెంటు గుర్రును పట్టుకుంటది, అది దాని గుణం. సీరియల్ బల్బులు, డిమ్మర్లు, చవక అడాప్టర్లు దగ్గరుంటే ఇంకా ఎక్కువ. పికప్‌లు మార్చే స్విచ్‌ను రెండో, నాలుగో స్థానంలో పెట్టి చూడు. మధ్య పికప్ ఉల్టా చుట్టింది అయితే అక్కడ హమ్ బాగా తగ్గుతది. తగ్గితే నువ్వు స్టేజీ మీద వాటినే వాడుకో, ఆ గాజులాంటి సౌండ్ చర్చి పాటలకు ఎట్లాగూ బాగుంటది. లోపలి గుంతకు రాగి టేపు అంటించి, దాన్ని గ్రౌండ్‌కు కలిపిస్తే గీరగీర శబ్దం ఇంకొంత తగ్గుతది. కొన్ని వందల రూపాయల పని.

తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గితే గిటార్ గ్రౌండ్ వైర్ సరిగ్గానే ఉన్నది. తీగలు ముట్టుకున్నప్పుడు వేళ్లకు జివ్వుమన్నా, మైకు దగ్గరికి పోతే పెదవికి షాక్ కొట్టినా, గిటార్ కింద పెట్టి పక్కకు జరుగు. అది గిటార్ జబ్బు కాదు, ఆ హాల్‌లోనో జనరేటర్‌లోనో ఎర్తింగ్ లేదు. పల్లెల్లో షామియానా ప్రోగ్రామ్‌లకు పోతవు కాబట్టి నొక్కి చెప్తున్న. 1972లో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ బ్రిటన్‌లోని స్వాన్సీలో వేదిక మీదనే, ఎర్త్ సరిగ్గా లేని మైక్ ముట్టుకుని చనిపోయిండు. సౌండ్ అన్నతో గొడవైనా సరే, ఎర్త్ చూపించినాకనే వాయించు. హమ్ తగ్గుతదని మూడో పిన్ను తీసేసే తెలివి ఎవరు చెప్పినా వినకు.

ట్యూన్ నిలవకపోవుడు మాత్రం గిటార్ సంగతే. అందరూ ముందు ట్యూనర్లను అనుమానిస్తరు, నేను ముందు తీగలను, తర్వాత నట్‌ను (హెడ్ మొదట్లో తీగలు గాడుల్లో ఆనే చిన్న పట్టీ), తర్వాత బ్రిడ్జ్‌ను చూస్త. ఎనిమిది నెలలుగా అవే తీగలు అన్నవు, చెమట పట్టే మన దిక్కు అది మస్తు ఎక్కువ. సన్న తీగల 9-42 సెట్ ఒకటి కొను. కీలకు రెండు మూడు చుట్లు మించనీయకు. వేసినాక ఒక్కో తీగను మెల్లగా లాగి సాగదీసి, మళ్లీ ట్యూన్ చెయ్యి, జారుడు ఆగేదాకా.

తర్వాత ఒక తీగను గట్టిగా బెండ్ చేసి (పక్కకు లాగి) వదిలి, స్వరం చూపే ట్యూనర్ మీటర్ చూడు. దిగిపోతే, నట్ వెనకాల తీగను వేలితో నొక్కి వదులు. ఎక్కి సరైన చోటుకు వస్తే నట్ గాడిలో తీగ ఇరుక్కుంటున్నట్టు. ట్యూన్ చేసేటప్పుడు టిక్కు టిక్కుమని వినపడినా అదే. గాడిలో మెత్తటి పెన్సిల్‌తో రెండు గీతలు గీయి, సగం కేసులు అక్కడే అయిపోతయి. మిగతా సగానికి గాడిని సన్న ఆకురాయితో సరిచేయాలె, అది చెయ్యి తిరిగినవాళ్ల పని. లోతు ఒక్క వెంట్రుక ఎక్కువైనా తీగ ఫ్రెట్‌కు తగిలి బజ్ వస్తది.

నీ గిటార్‌కు ట్రెమొలో బ్రిడ్జ్ (కడ్డీ పట్టి ఊపితే స్వరం ఊగేది) ఉన్నది, కానీ ఆ కడ్డీ ఏడుందో కూడా గుర్తులేదన్నవు. మంచిదే అయింది. వెనక మూత తీసి, స్ప్రింగ్‌లు బిగించి, బ్రిడ్జ్ కింది లోహపు దిమ్మకూ (బ్లాక్) బాడీ చెక్కకూ మధ్య సరైన మందం చెక్కముక్క పెట్టి కదలకుండా చేయించు. ఖర్చు లేదు, ట్యూన్ సగం నిమ్మళమైతది. ఇంత చేసినా ఒక్క తీగే జారుతుంటే, అప్పుడు ఆ కీ వదులైందేమో చూడాలె.

ఇవన్నీ కలిపి సెటప్ అంటరు: నెక్ వంపు, నట్, తీగల ఎత్తు, ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా స్వరం సరిగ్గా పలికేటట్టు చూసుడు), పికప్ ఎత్తు. మిర్యాలగూడలో చేసేవాళ్లు దొరకకపోతే పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోయి రా. పోయే ముందే నువ్వు వాడబోయే సైజు తీగలు తీసుకుపో, సెటప్ ఆ తీగల లెక్కకే చేస్తరు. పదిహేడో ఫ్రెట్ కాడ తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్ అన్నది ఫెండర్ వాళ్లు స్ట్రాట్‌కు చెప్పే లెక్క. నువ్వు కార్డ్‌లు గట్టిగా కొడతవు కాబట్టి దానికన్నా కొద్దిగా ఎక్కువ పెట్టమను. పికప్‌లు తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి లావు తీగలు వంకర పలుకుతయి. చివరి ఫ్రెట్ నొక్కి రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచి చూడు. ఇది నువ్వే చేసుకోవచ్చు, ఒక్క పైస ఖర్చు లేదు.

ఇప్పుడు పికప్‌ల లెక్క. సీమర్ డంకన్, డిమార్జియో లాంటి పేరున్న సింగిల్ కాయిల్‌లు మూడు తీసుకుంటే నీ గిటార్ కొన్న ధర దాటుతయి. అవి వేయాలంటే పాట్‌లు, స్విచ్ కూడా మార్చమంటరు. మంచి పాట్‌ల కడ్డీ లావు, పిక్‌గార్డ్ రంధ్రాలు పెద్దవి చేయాలె. ట్యూనర్లకు హెడ్ రంధ్రాల సైజు, బ్రిడ్జ్‌కు స్క్రూల మధ్య దూరం, బ్లాక్ లోతు, అన్నీ చవక గిటార్లలో వేరు వేరుగా ఉంటయి. కొలవకుండా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే సగం వాపస్ పంపుడే. ఇంత పెట్టి రేపు అమ్మబోతే కొనేటోడు హెడ్ మీద పేరు చూసే ధర కడతడు, లోపల ఏమున్నదో చూడడు. ఎప్పుడన్నా ఏదన్నా మారిస్తే పాత సామాన్లు ఒక కవర్‌లో దాచిపెట్టు, అమ్మేటప్పుడు అవే మళ్లీ బిగించి, మంచివి నీ దగ్గర ఉంచుకోవచ్చు.

ఇరవై వేలకే కొత్త గిటార్ కొంటే ఎట్లా అంటే, కొత్త పెయింట్ వస్తది, తరగతి అదే. నువ్వు వాయించంగనే చేతికి తేడా తెలవాలంటే దాదాపు దానికి రెట్టింపు తరగతికి పోవాలె. స్క్వయర్ క్లాసిక్ వైబ్, యమహా పసిఫికా పై మోడళ్లు, ఆ వరుసలోవి. అందుకని ఈ ఇరవైలో సెటప్‌కు, తీగలకు, మల్టీ ఎఫెక్ట్స్‌కు పోను మిగిలింది పక్కన పెట్టి, పెళ్లిళ్ల సీజన్ పైసలు దానికి కలుపు.

నెక్ బాగున్నా గిటార్ మార్చాల్సిన సందర్భం ఒకటుంటది. నీ చెయ్యి అడిగేది ఈ గిటార్ ఎన్నటికీ ఇయ్యలేనప్పుడు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు మాండలిన్‌లో జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నరు. కర్ణాటక గమకాలకు మామూలు మాండలిన్ సరిపోలేదు కాబట్టి ఆ మార్పు. నీకు కూడా పొడుగు బెండ్‌లకు ఫింగర్‌బోర్డ్ వంపు అడ్డమొచ్చి స్వరం ఆగిపోతుంటే, ఎప్పుడూ డ్రైవ్‌లోనే వాయిస్తూ హంబకర్ (హమ్ తగ్గించే జంట చుట్టల పికప్) లేక ఇబ్బంది పడుతుంటే, 24 ఫ్రెట్లు లేక పాటలు ఆగుతుంటే, అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించు. నువ్వు రాసినదాంట్లో అట్లాంటిదేం నాకు కనపడలేదు.

కొనే రోజు వస్తే సెకండ్‌హ్యాండ్‌కు భయపడకు, హైదరాబాద్‌లో చదువులు, ఉద్యోగాలు మారేవాళ్లు మంచి గిటార్లు తక్కువకు ఇచ్చేస్తరు. పైన చెప్పిన నెక్ పరీక్షలన్నీ వాళ్ల ఇంట్లోనే చెయ్యి, నీ కేబుల్, నీ పెట్టె పట్టుకుపోయి అన్ని స్విచ్ స్థానాలూ విను. ఆలెన్ కీ పెట్టి రాడ్ ఒకసారి తిప్పి చూస్త అని అడుగు. వద్దంటే ఎందుకు వద్దంటున్నడో ఆలోచించు. హెడ్ మీద ఫెండర్ అనో గిబ్సన్ అనో ఉండి, ఇరవై వేలకే ఇస్తనంటే స్టిక్కర్ అంటించిన నకలీ అయ్యే అవకాశమే ఎక్కువ. సీరియల్ నంబర్, లోపలి సోల్డరింగ్, నెక్ కింది ముద్ర చూడకుండా పైసలు ఇయ్యకు.